పెద్దక్క వడకట్టిన నీళ్లు

నారికురుపు అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. మా రోజుల్లో పల్నాడులో ఎండాకాలం వచ్చిందంటే ప్రతి పల్లెలో నలుగురైదుగురు కాళ్లు చాపుకుని అరుగుల మీద కూర్చుని ఉండేవాళ్లు. కాలి మీద పొక్కు లేచి, అది పగిలి, అందులోంచి తెల్లటి దారంలాంటి పురుగు బయటికి వచ్చేది. మూరెడు ఉండేది, ఒక్కోసారి రెండు మూరలు. దాన్ని లాగకూడదు. తెగిందంటే లోపల చీము పట్టి కాలికే ముప్పు. పుల్లకు చుట్టి, రోజుకు ఒక చుట్టో రెండు చుట్లో తిప్పుకుంటూ నెల రోజులు కూర్చోవాలి. ఈ పురుగు తాగే నీళ్లలోంచి వస్తుందనీ, ఈ ఏడు తాగిన నీళ్ల ఫలితం వచ్చే ఏడు కాలిలోంచి బయటపడుతుందనీ మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ మాకు నేర్పింది. మేం ఊరూరా తిరిగి బైబిలు వాక్యంతో పాటు ఆ సంగతీ చెప్పేవాళ్లం. నీళ్లు గుడ్డలో వడకట్టుకుని తాగండి, అలా తాగిన వాళ్లకు నారి రాదు అని నా నోటితో నేనే ఎన్ని పల్లెల్లో చెప్పానో లెక్కలేదు.

అలా చెప్పిన నా కాలికే నారి వచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. నాకు పంతొమ్మిదేళ్లు. ఎనిమిదో తరగతి అయ్యాక ట్రైనింగు కూడా పాసై, బైబిలు స్త్రీగా పనిలో చేరడానికి మిషన్ బంగళాకు వెళ్లాను. తాతల నాడే బాప్తిస్మం తీసుకున్న ఇల్లు మాది. మా నాన్న గుడిలో వాక్యం బోధించే ఉపదేశి. చేతిలో రేకు పెట్టె, ఒంటి మీద ఇస్త్రీ చీర. గురజాల, మాచర్ల వైపు పల్లెలకు వెళ్లే జట్టులో నన్ను వేశారని తెలుసు గానీ జట్టు పెద్ద ఎవరో తెలియదు. బంగళా ముందు బండి ఆగి ఉంది. నడివయసు మనిషి ఒకామె చీర ఎగ్గట్టి, చెప్పుల్లేని కాళ్లతో నిలబడి బండి ఇరుసుకు కందెన రాస్తూ ఉంది. కూలిమనిషి అనుకున్నాను. నా పెట్టె తీసి బండిలో పెట్టమన్నాను. ఆమె చేతులు గడ్డికి తుడుచుకుని, పెట్టె ఎత్తి, ఎండ తగలని మూల చూసి పెట్టింది. అంతలో మిషన్ నడిపే దొరసాని బయటికి వచ్చి, ఈమే మీ జట్టుకు పెద్ద, అంది.

క్షమించమని అడగాల్సింది. అడగలేదు. ఎందుకంటే ఆ వెంటనే ఆమె ఏ పల్లె నుంచి వచ్చిందో దొరసాని చెప్పింది. ఆమె మాదిగపల్లె మనిషి. నేను మాలపల్లె పిల్లను. రెండు పల్లెల వాళ్లం ఒకే దేవుణ్ణి నమ్ముకుని, ఒకే గుడిలో కూర్చునేవాళ్లం, కానీ ఆ గుడిలో వాళ్లది ఒక పక్క, మాది ఒక పక్క. క్రిస్మస్ విందుకు రెండు పొయ్యిలు వెలిగేవి. అది తప్పని మా ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు, ఉపదేశి అయిన మా నాన్నతో సహా. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. అప్పుడు మాత్రం, ఇంత చదివి నేను ఈమె కింద పని చేయాలా అని ఒళ్లు మండింది.

జట్టులో మిగతా ఇద్దరూ మొగుడూ పెళ్లాలు. అతను బండి తోలేవాడు, ఆమె పాటలు పాడేది. నరసరావుపేట దగ్గరి మాలపల్లె వాళ్లే, మా వాళ్లే. ఇద్దరూ ఆమెను పెద్దక్క అని పిలిచేవాళ్లు. నేను ఏమీ పిలిచేదాన్ని కాదు. ఏ వరసా కలపకుండా మాట్లాడటం ఎంత కష్టమో చేసి చూస్తే తెలుస్తుంది. పిలవాల్సి వస్తే దగ్గరికి వెళ్లి నిలబడి ఆమె నా వైపు చూసేదాకా ఆగేదాన్ని.

పెద్దక్క జట్టులో ఒక పద్ధతి పెట్టింది. నలుగురికీ ఒకటే కుండ, ఒకటే గ్లాసు. పల్లెకు వెళ్లగానే ఆమె తన పాత చీర ముక్కను నాలుగు మడతలు వేసి, దిగుడుబావిలోకి దిగి, నీళ్లు ముంచి ఆ గుడ్డలో వడకట్టి కుండ నింపుకుని వచ్చేది. వండిన రోజు అందరికీ పెట్టి చివర తినేది. జట్టు పెద్దలు నీళ్లు మొయ్యడం నేనెక్కడా చూడలేదు. మిగతా పెద్దలకు మిగతా వాళ్లు మోసేవాళ్లు. నాకు అది గొప్పగా అనిపించలేదు, పనిమనిషి అలవాటు పోలేదు అనిపించింది. ఆ గుడ్డ ఆమె ఒంటి మీద కట్టుకుని చిరిగిన చీరది. అందులోంచి దిగిన నీళ్లు నా గొంతు దిగలేదు.

గ్లాసు ఇస్తే పెదాలకు తాకించి, బండి చాటుకు వెళ్లి పారబోసేదాన్ని. ముఖం కడుక్కొస్తానని తువ్వాలు భుజాన వేసుకుని దిగుడుబావి మెట్లు దిగి, దోసిలితో పైపైన నీళ్లు తాగేదాన్ని. ఎండాకాలం, నీళ్లు అడుగంటి ఉన్నాయి. అందులో నూగులాంటి పురుగులు కదులుతూ ఉండేవి. చేత్తో పక్కకు తోసి తాగేదాన్ని. ఆ సాయంత్రమే మీటింగులో లేచి నిలబడి, నీళ్లు వడకట్టి తాగండమ్మా అని చెప్పేదాన్ని. ఇలా పది రోజులు గడిచాయి.

పదో రోజు మూతి తుడుచుకుంటూ మెట్లెక్కి వస్తుంటే పై మెట్టు మీద పెద్దక్క కుండ పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. కాళ్లు ముడుచుకుని నాకు దారి ఇచ్చింది. చూడలేదులే అని సర్ది చెప్పుకున్నాను. ఆ పొద్దు గంజి తాగేటప్పుడు నన్ను పిలిచి ఇలా అంది.

“కళ్లు ఆనటం లేదమ్మాయ్ నాకు. నీళ్లలో పురుగు కనబడి చావటం లేదు. నువ్వు చదువుకున్నదానివి, చిన్నదానివి. రేపట్నించి నీళ్లు నువ్వు వడకట్టు.”

నేను ఆశ్చర్యపోయాను, ఆ వెంటనే లోలోపల గంతులేశాను. గుడ్డ దొరకని యుద్ధం రోజులైనా నా పెట్టెలోంచి సన్నటి నేత మల్లు గుడ్డ ముక్క చింపి, మర్నాటి నుంచి నేనే నీళ్లు వడకట్టాను. నా గుడ్డ, నా చెయ్యి. ఇక కడుపునిండా తాగాను. బావి దగ్గర దొంగ దాహం మానేశాను. పెద్దక్క కూడా నా చేతి నీళ్లే తాగేది. అది చూసి నాకు ఇంకాస్త గర్వం పెరిగింది.

ఆమె కళ్లు ఆనటం లేదన్న సాయంత్రమే ఇంకోటి జరిగింది. మీటింగు మొదలయ్యే ముందు వాక్యం చదవడం పెద్దక్క పని. ఆమె ముప్పయ్యేళ్లు దాటాక బంగళా వంటింటి గడప దగ్గర, పిల్లల పలక మీద అక్షరాలు దిద్దుకుందట. వేలు పెట్టి, మాట మాట కూడబలుక్కుని, రోజుకు ఒక అధ్యాయం చదివేది. పల్లెల్లో ఆడవాళ్లు ఆమె చదవడం చూడటానికే వచ్చి కూర్చునేవాళ్లు, తమలాంటి మనిషి పుస్తకం పట్టుకుంటే వాళ్లకు అదొక వింత. ఆ రోజు ఆమె పుస్తకం తెరవబోతుంటే పాటలమ్మాయి మంచి మనసుతోనే అంది, కళ్లు ఆనటం లేదంటివి గదక్కా, కళ్లకు నొప్పి తెచ్చుకోవడం ఎందుకు, చదువుకున్న పిల్ల ఉంది గదా అని. పెద్దక్క చెయ్యి పుస్తకం మీద కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత పుస్తకం నా ఒళ్లో పెట్టింది. నేను గడగడా చదివేశాను. పుస్తకం మధ్యలో ఒక చోట ఈతాకు ముక్క ఉంది. ఎవరో చెత్త పెట్టారనుకుని దాన్ని అలాగే వదిలేసి, మొదటి నుంచి నాకు నచ్చిన చోట్లు చదువుకుంటూ పోయాను.

ఏడాది గడిచింది. పెద్దక్కకు చూపు తగ్గిందన్న మాట బంగళా దాకా వెళ్లింది. దొరసాని గుంటూరు పంపించి కళ్లజోడు ఇప్పిస్తానంటే ఆమె ఎందుకులే అమ్మా అని దాటవేసింది. దొరసాని నన్ను పక్కకు పిలిచి, ఈ ఎండాకాలం అయ్యాక జట్టు నీకు అప్పజెప్పాల్సి రావచ్చు, సిద్ధంగా ఉండు అంది. నేను ఏడాదిగా సిద్ధంగానే ఉన్నాను.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. గురజాల అవతల ఒక పల్లెలో, మిషన్ బడి పాకలో దిగాం. రెండో రోజు పొద్దున నా చీలమండ దగ్గర పొక్కు లేచింది. తేలు గీలు పాకిందేమో అనుకున్నాను. మధ్యాహ్నానికి నిప్పు పెట్టినట్టు మంట. చన్నీళ్లలో పెడితే చల్లారుతుందని కుంటుకుంటూ దిగుడుబావి వైపు పరుగెత్తాను. మూడో మెట్టు మీద పెద్దక్క నా రెక్క పట్టుకుని ఆపింది. “కాలు నీళ్లలో పెట్టమాక. నారి అది. ఊరంతటికీ అంటిస్తావు,” అని గట్టిగా అంది. ఆమె గొంతు పెంచడం నేను విన్నది ఆ ఒక్కసారే.

ఆమె నన్ను బావికి దూరంగా నాపరాయి మీద కూర్చోబెట్టి, ముంతతో కాలి మీద నీళ్లు పోస్తూ ఉంది. నారి అన్న మాట విన్నాక నాకు మంట తెలియడం లేదు. పోయిన ఏడు ఇదే రోజుల్లో, ఇలాంటి బావిలోనే, దోసిలితో తాగిన నీళ్లు కళ్ల ముందు కనిపిస్తున్నాయి. ఏడాది పాటు నా ఒంట్లో పెరిగి, నేను దాచిన సంగతి తోలు చించుకుని బయటికి వస్తోంది.

బయటికి వచ్చినా ఎవరికీ అర్థం కాలేదు, అర్థం చేసుకున్నది వేరేగా చేసుకున్నారు. బండి తోలే అన్న వేళ్ల మీద నెలలు వెనక్కి ఎంచాడు. పోయిన ఏడు ఈ రోజుల్లో నీళ్లు వడకట్టింది పెద్దక్క. అప్పటికే ఆమెకు చూపు ఆనడం లేదని ఆమే చెప్పింది. అంటే పురుగు కనబడక వదిలేసిందన్న మాట. ఆ నీళ్లే నలుగురం తాగాం. ఈ పిల్లకు ఇవాళ వచ్చింది, రేపు ఎవరికో. అతని పెళ్లానికి అప్పుడు ఆరో నెల. ఆమె చీర పైకి జరుపుకుని పిక్కలు, మడమలు తడుముకుంటూ ఏడుపు మొదలుపెట్టింది. అతను పెద్దక్కను సూటిగా అడిగాడు, నీ వల్లేనా అక్కా ఇది అని.

పెద్దక్క నా కాలి మీద నీళ్లు పోయడం ఆపలేదు. “అయ్యుంటదిలే,” అంది.

నేను అక్కడే ఉన్నాను. నోరు విప్పితే ఒక్క మాటతో తేలిపోయేది. విప్పలేదు. పైగా నిజం చెప్పొద్దూ, హమ్మయ్య అనిపించింది. నా జీవితంలో నన్ను చూసి నేను భయపడిన క్షణం అది.

మర్నాడు పాకలో రెండో కుండ వెలిసింది. మొగుడూ పెళ్లాలు తమ నీళ్లు తామే తెచ్చుకున్నారు. మూడేళ్లుగా ఒక్క కుండ నీళ్లు తాగిన జట్టు అది. పెద్దక్క ఆ కుండ వైపు ఒకసారి చూసింది. నా పుండు కడిగి ఆకు కట్టి, నేను కదల్లేను కాబట్టి మళ్లీ తానే బావికి వెళ్లి నీళ్లు తెచ్చి, వడకట్టడానికి మాత్రం నా మల్లు గుడ్డ నా చేతికే ఇచ్చింది. మూడో రోజు బండి అన్న కాగితం, పెన్సిలు తెచ్చి నా పక్కన పెట్టాడు. అతనికి రాయడం రాదు. పెద్దక్క చూపు పోయి ఇంత చేటు వచ్చింది, జట్టుకు పెద్దను మార్చండి అని దొరసానికి రాయమన్నాడు. ఆ మాటలు తప్పేమీ కాదన్నట్టు నేను రాయడం మొదలుపెట్టాను. నాలుగు వరసలు రాశాను కూడా.

అంతలో పెద్దక్క కట్టు విప్పడానికి వచ్చింది. కాగితం ఒళ్లోకి జరుపుకున్నాను. ఆమె ఆకు తీసి, పుండు కడిగి, తల వంచి చూసి, “ఆగు. కదలమాక. తల బయటికొచ్చింది,” అంది.

నేను వంగి చూశాను. ఎర్రటి పుండు తప్ప నాకేమీ కనబడలేదు. బండి అన్నను పిలిచింది, అతనికీ కనబడలేదు. పాటలమ్మాయి మొహం దగ్గరగా పెట్టి వెతికి లేదంది. పాకలో ఎండ కూడా పడటం లేదు. పెద్దక్క చిన్న దూది పింజతో ఒక చోట అద్ది, చీపురుపుల్ల చీల్చి ఆ సందులో ఏదో ఇరికించి, నెమ్మదిగా తిప్పింది. అప్పుడు కనిపించింది మాకు, వెంట్రుకంత తెల్లటి దారం, పుండులోంచి పుల్ల మీదికి పాకుతూ. వాళ్లు చూసింది పురుగును. నేను చూసింది ఆమె కళ్లను.

ఈ కళ్లకా నీళ్లలో పురుగు ఆననిది? పై మెట్టు మీద కుండ పెట్టుకుని కూర్చున్న మనిషి గుర్తొచ్చింది. ముడుచుకుని దారి ఇచ్చిన కాళ్లు గుర్తొచ్చాయి. ఆ పొద్దే కదా చూపు లేదన్నది. ఏడాదిగా నేను గెలిచాననుకున్నది గెలుపు కాదు, నా అహంకారం నన్ను చంపకుండా ఆమె పెట్టిన అడ్డం.

ఒళ్లోని కాగితం ముందు పెట్టి చెప్పేశాను. ఏడుస్తూ చెప్పానో అరుస్తూ చెప్పానో గుర్తు లేదు. పెద్దక్క గుడ్డలోంచి దిగిన నీళ్లు నేను ఒక్క చుక్క తాగలేదని, ఎందుకు తాగలేదో కూడా దాచకుండా, బావిలో దోసిలితో తాగానని, ఈ నారి నాకు ఒక్కదానికే వచ్చిందని, మీకెవరికీ రాదని చెప్పాను. చెప్పి తల ఎత్తలేకపోయాను. ఆమె చేతిలో పుల్ల, పుల్లకు చుట్టుకుని నా కాలిలోంచి వచ్చిన పురుగు. ఆ చేతి నీళ్లే నాకు పనికిరానివి.

“తెలుసు,” అంది పెద్దక్క, పుల్లను నా కాలికి గుడ్డతో కడుతూ.

“మరి కళ్లు ఆనవని అబద్ధం ఎందుకు చెప్పావు?” అన్నాను.

“అబద్ధమే. దాని గురించి దేవుడి దగ్గర తగువు పడతానే ఉన్నా. నిన్ను అడిగితే సిగ్గుపడి ఇంటికి పొయ్యేదానివి. ఊరుకుంటే బావికాడే తాగేదానివి. నాకు ఇంకో దారి తోచలా. పది రోజులు ముందే కనిపెట్టాల్సింది, కనిపెట్టలా. అందుకే అయ్యుంటదిలే అన్నా.”

ఆ పది రోజుల తప్పు కూడా ఆమె తన మీదే వేసుకుంది. తర్వాత అడిగాను, మరి వాక్యం చదవడం ఎందుకు వదులుకున్నావు అని.

“అది నేననుకోలా,” అంది. “చూపు లేదన్నాక ఎట్టా చదివేది?”

పాటలమ్మాయి కళ్లు తుడుచుకుని నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. “మూడేళ్లుగా అక్క చేతి నీళ్లు తాగుతున్నాం. మాకేం కాలా,” అని మాత్రం అంది. ఆమె మొగుడు లేచి, కొత్త కుండలో నీళ్లు తీసుకెళ్లి ఎద్దులకు పోశాడు. తర్వాత పెద్దక్క దగ్గరికి వచ్చి నిలబడి, కందెన డబ్బా తీసుకుని బండి దగ్గరికి పోయాడు. నేను ఆ కాగితం వెనక వైపు ఇంకో ఉత్తరం రాసి ముగ్గురికీ చదివి వినిపించాను. అందులో నేను చేసింది ఉంది, పెద్దక్కకు చూపు బాగుందని ఉంది. జట్టు నా చేతికి రాలేదు. ఆ తర్వాత ఆరేళ్లు నేను ఆమె వెనకే నడిచాను.

ఆ పొద్దు గూకే వేళ పల్లెవాళ్లు పాక ముందు చేరారు. నేను కాలు చాపుకుని, గోడకు ఆనుకుని కూర్చున్నాను. మీటింగు మొదలయ్యే ముందు పెద్దక్క కుండలోంచి గ్లాసు ముంచుకుంది. ఆ నీళ్లు ఇలా ఇవ్వు పెద్దక్కా అన్నాను. నా నోట ఆ వరస రావడం అదే మొదలు. మధ్యాహ్నం తన చీర ముక్కలో తానే వడకట్టిన నీళ్లు అవి. తాగాను. ఎవరూ చూడలేదు, చూడాల్సిన పనీ లేదు. తర్వాత పుస్తకం ఆమె ఒళ్లో పెట్టాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, వెతక్కుండా ఈతాకు ముక్క ఉన్న చోట తెరిచింది. ఏడాది కిందట ఆగిన చోటు అది. వేలు పెట్టింది. మొదటి మాట దగ్గర ఆగింది.

కిరసనాయిలు కరువు రోజులు, లాంతరు వత్తి చాలా తగ్గించి ఉంది. బండి అన్న ముందుకు వంగి, వత్తి పెంచనా అక్కా అని అడిగాడు.

“చాల్లే,” అంది పెద్దక్క. “కనబడతానే ఉంది.”